నా పేరున పలికినవాడు

మార్చి 1, సోమవారం

సెవెరో దిగాడు. కబురూ కాకరకాయా లేకుండా. వాకిట్లో మోటారు సైకిలు ఆగిన చప్పుడు విని బసీలియా కిటికీలోంచి తొంగి చూసి, "ఏమయ్యా, మీ తమ్ముడు!" అని కేక పెట్టింది. రెండేళ్ళకోసారి ముఖం చూపిస్తే గొప్ప అనుకునే మనిషి. కింది అడవిలోంచి మా ఎల్ ఆల్టో ఊరి దాకా ఇంత కొండ ఎక్కి వచ్చాడంటే ఊరికే రాడు. ఒక బస్తా నారింజలు తెచ్చాడు. పోయినసారి బస్తా దీనికన్నా పెద్దది.

సూప్ తాగుతూ మెల్లగా విషయంలోకి వచ్చాడు.

"అన్నా, భూమి ఆఫీసు వాళ్ళు మా వైపు వస్తున్నారు. ఆదివారం సంఘం మీటింగు. పట్టాలు రాస్తారంట."

"మంచిదే. నేనూ వస్తా."

చెంచా నోటి దాకా వెళ్ళి ఆగింది. నేను చూశాను.

"నువ్వెందుకన్నా? వానలు, బురద, దోమలు. నీ గుర్తింపు కార్డు నా చేతికియ్యి. నేను చూసుకుంటా."

నేను చూసుకుంటా! వాడుండే త్రెస్ అగ్వాస్‌లో ఆ చేను నాది. సంఘం భూమి పంచుతూ చీటీలు వేసినప్పుడు నా చేత్తో తీసుకున్న చీటీ. అడవి కొట్టింది నేను, మొదటి కోకో మొక్క నాటింది నేను. తర్వాత ముక్కు మీద పుండు లేచింది కాబట్టి పైకి వచ్చాను. అక్కడ ఆ పుండు ముక్కునే తినేస్తుంది. పారిపోయి రాలేదు, వైద్యానికి వచ్చాను. వైద్యం అయ్యాక ఇక్కడ కుట్టుపని దొరికింది, అంతే. ఒక్క పంట చూసి రమ్మని వీణ్ణి పంపాను. తొమ్మిదేళ్ళయింది. వీడు ఇంకా ఆ ఒక్క పంటే చూస్తున్నాడు.

మార్చి 2, మంగళవారం

కార్నివాల్ నాట్యానికి కుట్టిన కోట్లలో రెండు వెనక్కి వచ్చాయి. వీపు మీద కుట్టిన డ్రాగన్ కళ్ళు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయట. నాట్య బృందం వాళ్ళు నవ్వుకుంటూ పడేసి పోయారు. దూరానివి నాకు బాగానే కనిపిస్తాయి. ఇల్లిమాని కొండ మీద మంచు ఎక్కడ కరిగిందో ఇక్కణ్ణుంచి చెప్పగలను. సూది బెజ్జం మాత్రం కనపడదు. ఈ డైరీ కూడా బడిపిల్లల్లా పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకుంటున్నాను. వచ్చే కార్నివాల్‌కి నా దగ్గరికి ఎవరూ రారు. ఆ చేను తప్ప మాకిక ఆధారం లేదు. బసీలియాకి ఈ మాట ఇంకా చెప్పలేదు.

అందుకే ఆమె తేలిగ్గా అనేసింది. "కార్డు ఇచ్చేయరాదూ? పరాయివాడా, తమ్ముడేగా."

"తమ్ముడు కాబట్టే ఇవ్వను."

"నీకు నీ నీడ మీద కూడా అనుమానమేనయ్యా."

కార్డు ప్లాస్టిక్ సంచిలో చుట్టి బనియను లోపల పెట్టి కుట్టేసుకున్నాను. ఆ కుట్టు వంకరగా వచ్చినా పరవాలేదు, ఎవరూ చూడరు. రేపు బయల్దేరుతున్నాం. "సరే, నీ ఇష్టం" అన్నాడు సెవెరో. అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు.

మార్చి 3, బుధవారం

లా కుంబ్రె కనుమ దగ్గర ఆగాం. అక్కడ ఆగకుండా కిందికి దిగే మొనగాడు ఇంకా పుట్టలేదు. మంచు జల్లు పడుతోంది. దారి పక్కన కుక్కలు రొట్టె ముక్క కోసం వరసగా కూచున్నాయి. సెవెరో సీసా తీసి ముందు చక్రానికి, వెనక చక్రానికి, నేలకీ సారా పోశాడు. భూమితల్లి పచమామాకి మొక్కుతూ గొణుగుతున్నాడు. గాలి నా వైపు కొట్టింది కాబట్టి వినపడింది. "తల్లీ, నికనోర్ చోకెను చల్లగా చూడు" అంటున్నాడు.

నా పేరు. తన పేరు కాదు. బండి తనది, నడిపేది తను, దణ్ణం మాత్రం నాకోసం. వీడికి నామీద ఎప్పుడింత ప్రేమ పుట్టింది?

తర్వాత దిగుడు. ఆ దారిలో దిగేవాడు ఎడమ పక్కన, లోయ అంచున పోవాలి. ఎక్కే లారీలకు కొండ పక్క వదలాలి. రూలే అది, నాకు తెలియనిది కాదు. అయినా అంత అంచున నడపాలని ఏ రూల్లో ఉంది? వెనక కూచున్న నాకు కాలి కింద మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. ఒకచోట ఎదురుగా లారీ వస్తే ఆపి, నన్ను దిగమన్నాడు. లోయ వైపు దిగమన్నాడు! నేను కొండ వైపు దిగాను. బండి ఒరిగి ఇద్దరం బురదలో పడ్డాం. లారీవాడు కిటికీలోంచి, "ముసలాయనా, ముందు డాన్సు నేర్చుకుని తర్వాత బండెక్కు!" అని అరిచాడు. సెవెరో నవ్వాడు. నేను నవ్వలేదు.

యోలోసా చేరేసరికి చీకటి పడింది, దారి పక్క కొట్టులో దిగాం. పొద్దున్న తొడుక్కున్న మూడు స్వెట్టర్లలో రెండు తీసేశాను. మూడోది తియ్యను, కార్డు దాని కింద ఉంది.

మార్చి 4, గురువారం

బండి కదలదట.

పొద్దున్నే సెవెరో తొక్కుతాడు, తొక్కుతాడు, ఊహూ. "ప్లగ్గు పోయిందన్నా. కరనావి నుంచి తెప్పించాలి. రేపటికి వస్తుందేమో." ఆ 'ఏమో' అన్నప్పుడు వాడి గొంతులో కంగారు ఏ కోశానా లేదు. హాయిగా కొట్టు ముందు కూచుని, కోకా ఆకు నములుతూ లారీ డ్రైవర్లతో ఫుట్‌బాల్ కబుర్లు చెప్పాడు. మీటింగుకి మూడు రోజులు కూడా లేవు.

"వేరే లారీ ఎక్కి పోదాం పద" అన్నాను.

"బండి వదిలేసి ఎలా పోతామన్నా? చక్రాలతో సహా మింగేస్తారు."

మధ్యాహ్నం వాన. పొయ్యి దగ్గర వాడి కోటు ఆరేయబోతే జేబులో ఏదో గట్టిగా తగిలింది. గుడ్డలో చుట్టిన ప్లగ్గు. కొత్తది కాదు, పోయిందీ కాదు. ఈ బండిదే.

మళ్ళీ గుడ్డలో చుట్టి అక్కడే పెట్టేశాను. ఏమీ ఎరగనట్టు కాఫీ తాగాను. నేను స్వెట్టరు విప్పకపోవడం కొట్టావిడ చూసి, "చలేస్తోందా తాతా?" అంది. ఈ ఉక్కలో!

మొదటి నుంచీ నేననుకున్నదే నిజం. వాడికి నేను ఆదివారం లోపల అక్కడికి చేరకూడదు.

మార్చి 5, శుక్రవారం

పొద్దున్న ప్లగ్గు 'వచ్చింది'. ఎవరో స్నేహితుడు తెచ్చాడట. "నీ స్నేహితుడు మంచివాడే" అన్నాను. సెవెరో నా ముఖంలోకి చూడలేదు.

కరనావి చేరాం. గాలి తడిగుడ్డలా ఒంటికి అంటుకుంటోంది. బజారులో వేయించిన చేప, యుకా దుంప పెట్టే బండి దగ్గర కూచున్నాం. చేపలావిడ వాణ్ణి చూడగానే మొహం చేటంత చేసుకుంది.

"రండి దోన్ నికనోర్! ఈసారి అరటి గెలలు తేలేదేం? కొండెక్కి పోయారంటగా!"

గౌరవంగా దోన్ అని నా పేరు పిలవడం విని తల తిప్పాను. ఆవిడ నన్ను చూడటం లేదు. వాణ్ణి చూస్తోంది. పళ్ళెం వాడి ముందు పెట్టింది.

"ఇంటావిడ బాగుందా దోన్ నికనోర్?"

"బాగుంది దోన్యా" అన్నాడు నా తమ్ముడు. అదీ మామూలుగా. పుట్టినప్పటి నుంచీ అదే పేరున్నవాడిలా.

చేప వదిలేసి లేచాను. వాణ్ణి నది ఒడ్డుకి తీసుకెళ్ళి చొక్కా పట్టుకున్నాను.

"ఎవడ్రా నికనోర్?"

మొత్తం కక్కాడు. అన్నది అన్నట్టే రాస్తున్నాను, రేపు మాట మారిస్తే చూపించడానికి.

"నువ్వు నన్ను పంపించిన నెలలో మొదటి మీటింగు. నీ పేరు పిలిచారు. ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచారు. మూడోసారికి పలక్కపోతే కొట్టేస్తారన్నా, చేను సంఘానికి పోద్ది. అక్కడ ఉండనివాడికి భూమి ఉంచరు. నోట్లోంచి వచ్చేసింది. 'హాజర్' అన్నా. ఆ రోజు నుంచీ అక్కడ నేను నువ్వే. దారి పనికి నీ పేరున పోయా, బడి కట్టడానికి నీ పేరున ఇటుకలు మోశా. ఇప్పుడు నువ్వు వచ్చి నికనోర్ నేనంటే, ఇన్నేళ్ళూ రాని నికనోర్ నువ్వే అవుతావు. చేను పోద్ది. అందుకే కార్డు అడిగా. పట్టా నీ పేరునే వస్తుందన్నా. వచ్చాక నీ ఇష్టం, సగం నాకు రాస్తే రాయి, లేకపోతే లేదు."

"మరి ప్లగ్గు?"

తల దించుకున్నాడు. "దాచాను. సోమవారం దాకా నిన్ను ఆపుదామని. ఆ లోపల కార్డు అడిగి తీసుకుని నేనొక్కణ్ణే మీటింగుకి పోదామని."

"ముందే చెప్పొచ్చుగా ఇదంతా?"

"చెప్తే నమ్మేవాడివా?"

"ఎవరికీ తెలియదా అక్కడ?"

"పాతవాళ్ళకి తెలుసు. సెక్రటరీ దోన్ లుసియోకి తెలుసు. ఎవరూ పైకి అనరు. పైకి అననంత కాలం ఏం కాదు."

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాగానే తిరిగాయి.

గదిలోకి వచ్చి ఆలోచిస్తున్నాను. కథ అతుకు కనపడకుండా కుట్టాడు. కానీ నేనూ కుట్టుపని చేసేవాణ్ణే. తొమ్మిదేళ్ళు నికనోర్‌గా బతికినవాడి చేతికి నికనోర్ కార్డు, నికనోర్ పట్టా వచ్చాక, నేను పోయి నేనే నికనోర్‌నంటే అక్కడ ఎవడు వింటాడు? వాళ్ళ దోన్ నికనోర్ వాళ్ళకి ఉన్నాడు. పైగా అక్కడ నాకింకో పెళ్ళాం కూడా ఉందన్నమాట, ఆవిడ నా పేరు చెప్పుకుని తిరుగుతోందన్నమాట! ఇష్టమైతే సగం రాయమన్నాడు. అంత తక్కువ అడిగేవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

మార్చి 6, శనివారం

తెల్లారి సెవెరో స్నానానికి నదికి పోయాడు. బండి తాళం వాడు గదిలో విప్పి పెట్టిన చొక్కాలో ఉంది.

సాయంత్రం. త్రెస్ అగ్వాస్ చేరాను. రెండుసార్లు పడ్డాను, మోచెయ్యి గీసుకుపోయింది. అంతే. చెట్లు పైన కలిసిపోయి దారంతా పచ్చని చీకటి. నా చేను వైపు వెళ్ళలేదు. బడి దగ్గర పూరిపాక కొట్టులో పడుకుంటున్నాను. కొట్టువాడు నన్ను ఎగాదిగా చూసి, "దోన్ నికనోర్‌కి ఏమవుతారు? ముక్కు అచ్చం అదే" అన్నాడు.

రేపు చెప్తాను ఏమవుతానో.

మార్చి 7, ఆదివారం

ఇవాళ రాయను.

మార్చి 8, సోమవారం

రాయకపోతే మనసు ఆగటం లేదు.

రేకుల హాలు నిండా జనం. బల్ల దగ్గర భూమి ఆఫీసు వాళ్ళు ముగ్గురు, ముందు పటం పరిచి ఉంది. దోన్ లుసియో పెద్ద మనిషి, గొంతులో ఇంకా పొటోసి గని దుమ్ము ఉన్నట్టు మాట్లాడతాడు. ఒక్కో పేరు పిలుస్తున్నాడు. ఒక్కొక్కరు లేచి హాజర్ అంటున్నారు.

"నికనోర్ చోకె."

లేచాను. "హాజర్!"

దోన్ లుసియో నన్ను చూశాడు. నన్ను గుర్తుపట్టాడు, ప్రమాణం చేసి చెప్పగలను. చీటీలు వేసిన రోజు నా పక్కన నిలబడ్డవాడు. కానీ కళ్ళు దించేసుకుని, "నికనోర్ ఇంకా రాలేదు. దారిలో ఉన్నాడు. తర్వాతి పేరు..." అన్నాడు.

చూశారా, అందరూ కుమ్మక్కే అనుకున్నాను. జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయాను. బనియను అందరి ముందే చింపాను. కార్డు తీసి పటం మీద పెట్టాను.

"నికనోర్ చోకె నేను. ఇదిగో, నా ముఖం, నా పేరు."

ముందు వరసలో ఒక ముసలావిడ మెల్లగా, "కూచో నాయనా, కూచో, ఇప్పుడు కాదు" అంటోంది. నేను కూచోలేదు. భూమి ఆఫీసు కుర్రాడు కార్డు అందుకున్నాడు.

అప్పుడే సెవెరో గుమ్మంలోకి వచ్చాడు. ఏ లారీ పట్టుకున్నాడో, తల నుంచి కాలి దాకా ఎర్రమట్టి. దోన్ లుసియో మొహంలోకి ప్రాణం వచ్చింది.

"అదుగో వచ్చాడు! నికనోర్, ఎవరయ్యా ఈయన? తాగొచ్చినట్టున్నాడు. నీకు తెలుసా?"

అందరూ వాడి వైపు తిరిగారు. వాడి భార్య యుజేనియా గోడ దగ్గర నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక్క మాట. తెలియదు అంటే చాలు. కార్డు మీద మసక ఫోటో ఇద్దరిదీ కావచ్చు. వంద మంది సాక్ష్యం వాడి వైపు. నన్ను బయటికి ఈడ్చేస్తారు, అంతటితో చేను వాడిది. ఇంతకాలం నేను భయపడ్డ క్షణం ఇదే. పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. ఇప్పుడు అంటాడు, ఇప్పుడు బయటపడుతుంది వీడి అసలు రంగు అనుకున్నాను.

దోన్ లుసియో మళ్ళీ అడిగాడు, మరీ మెల్లగా. "చెప్పు. తెలియదు కదా?"

సెవెరో నన్ను చూశాడు. చిరిగిన బనియనుతో నిలబడ్డ నన్ను.

"మా అన్న" అన్నాడు. "నికనోర్ ఆయనే. నేను సెవెరోని."

యుజేనియా కూలబడింది.

భూమి ఆఫీసు కుర్రాడు చెడ్డవాడు కాదు. "మరి ఇన్నేళ్ళూ మీటింగులకి వచ్చిందెవరు?" అని అడిగాడు. అందరి కళ్ళూ సెవెరో మీదికే పోయాయి. "అయితే ఈ నికనోర్ చోకె ఇక్కడ ఉండటం లేదు" అన్నాడు. దోన్ లుసియో బతిమాలాడు. "బాబూ, చేసేది ఇతనే. ఇతని పేరున రాయండి. సంఘం అంతా సంతకం పెడతాం." కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. "సభ్యుల పేర్లు పోయినేడే ముగించాం తాతా. అందులో సెవెరో అనే మనిషి లేడు."

ఉండనివాడి భూమి సంఘానికి వెనక్కి. చేతులెత్తమన్నారు. బయటివాళ్ళు చూస్తుండగా ఎత్తకపోతే అందరి పట్టాలూ ఆగిపోతాయి. ఒక్కో చెయ్యీ బరువుగా లేచింది. నన్ను కూచోమన్న ముసలావిడ ఎత్తలేదు. చివర్లో దోన్ లుసియో ఎత్తాడు, గోడ వైపు చూస్తూ. ఈ కాపు కోసుకునే దాకా ఉండొచ్చు. తర్వాత ఖాళీ చెయ్యాలి.

బయటికి వస్తుంటే ఒకడు నాకు వినపడేలాగే అన్నాడు, "మంచి పేరున్న మనిషిని చంపేశాడు వీడు." పక్కవాడు, "ఎవర్ని?" అన్నాడు. "దోన్ నికనోర్‌ని."

మార్చి 9, మంగళవారం

వాన. సెవెరో తన ఇంటికే తీసుకొచ్చాడు. యుజేనియా పళ్ళెం నా ముందు పెట్టి లోపలికి పోయింది.

మార్చి 10, బుధవారం

సెవెరో పొద్దున్నే కత్తి తీసుకుని చేలోకి పోయాడు. వెనకే వెళ్ళాను. వదిలిపోయిన తర్వాత చేను చూడడం ఇదే మొదటిసారి. నేను నాటానని చెప్పుకున్న మొక్కల్లో ఒక్కటీ లేదు. అన్నీ వాడు వేసినవే. బోదెల మీద కాయలు పచ్చగా, ఎర్రగా, కొమ్మకీ బోదెకీ తేడా లేకుండా. ఇక తనది కాని చేలో వాడు వంగి కలుపు కొడుతున్నాడు.

అడిగేశాను.

"తెలియదు అంటే అయిపోయేదిగా. దోన్ లుసియో రెండుసార్లు నోటికి అందించాడు. ఎందుకనలేదు?"

నడుం నిలబెట్టి, నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. నేనేదో పిచ్చిప్రశ్న అడిగినట్టు చూశాడు.

"అంతమంది ముందు నువ్వెవరో తెలీదని ఎట్టా అంటానన్నా?"

అంతే. మళ్ళీ వంగాడు. కోపం కూడా లేదు గొంతులో. ఒక్క తిట్టు తిట్టినా తట్టుకునేవాణ్ణి.

బసీలియాకి ఫోన్ చెయ్యాలి. ఏం చెప్పాలో తెలియదు. మూడు రోజులుగా ఒకటే ఆలోచన. ఆ మాట అనడంలో వాడికేదో లాభం ఉండే ఉంటుంది. సంఘంలో సానుభూతి కోసమా? ఇంకెక్కడైనా భూమి చూసుకున్నాడా? దోన్ లుసియోతో లోపాయికారీగా ఏదైనా మాట ఉందా? యుజేనియా ఏడుపు చూశాను, అది నటన కాదు. వాడు సంచుల్లో సర్దుకుంటున్న సామాను చూశాను, అందులో దాచిపెట్టుకున్నదేమీ లేదు. అన్ని వైపులా తిప్పి చూశాను, లోపల పక్క కూడా చూశాను.

ఏమీ దొరకలేదు. ఏదో ఒకటి దొరికితే బాగుండును. కాస్త నిద్ర పడుతుంది.